దూలము చెప్పు సాక్ష్యము

కోటలకు పుట్టిన దినములు గలవు. విజయనగరపు కోటకు 1713వ సంవత్సరమున విజయదశమి నాడు పునాది వేసిరని మా ప్రాంతపు బడిపిల్లలు సయితము చెప్పుదురు. బొబ్బిలి యుద్ధము 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన జరిగినదని చరిత్ర పుస్తకములలో నున్నది. రాజులు కట్టించిన వానికి శాసనములును, కైఫీయతులును, కవులును సాక్షులు. మనము కోడలికమునకు వచ్చి యడుగు పెట్టిన గడపకు, మన బిడ్డల ఉయ్యాల వ్రేలాడిన దూలమునకు సాక్షులెవరు? “ఈ యిల్లెప్పటిదమ్మా?” యని యడిగినచో “తాతల నాటిది” అను మాట తప్ప వేరొక యుత్తరము దొరకదు.

ఈ ప్రశ్నకు దూలమే యుత్తరము చెప్పగలదనియు, అనుకూలించినచో సంవత్సరముతో సహా చెప్పగలదనియు నేను గడచిన యేడాదిగా చదువుచున్నాను. కేవలము వేడుక కొరకు చదివితినని చెప్పజాలను. మా యింట నొక తగవున్నది. అది ఆస్తి తగవు కాదు, పేరు తగవు. సోదరీమణులలో పలువురి యిండ్లలో నిట్టి తగవు బయటికి రాకయే యుండియుండును గావున దానిని విప్పి చెప్పుచున్నాను.

వంశధార యొడ్డున నున్న మా యత్తవారి గ్రామములో మాకొక మండువా లోగిలి యుండెడిది. నడుమ మండువా, చుట్టును టేకు స్తంభములు, వానిపై నిరువురు చేతులు చాచినను చుట్టుకొనజాలని దూలములు, పైన తాటి వాసములు, పెంకులు. నాలుగు వాటాలవారు నాలుగు పట్టణములలో స్థిరపడిరి. 2018వ సంవత్సరము అక్టోబరులో పలాస యొద్ద తీరము దాటిన తిత్లీ తుఫాను పెంకులెగురగొట్టిన పిమ్మట వానకు గోడలు నానినవి. గడచిన మాఘమాసమున దానిని విప్పించుటకు నిశ్చయించిరి.

ఆ యింటి సింహద్వారపు పై పట్టెమీద “సౌమ్యనామ సంవత్సర వైశాఖ శుద్ధ దశమి” యని చెక్కియున్నది. శక సంవత్సరము లేదు. వారము లేదు. వారమైన నున్నచో పంచాంగ గణితము నెరిగినవారు తేల్చియుందురు. మన సంవత్సరముల పేర్లు అరువది. అరువదేండ్లకొకమారు తిరిగి వచ్చును. ధాత కరవని మన పెద్దలు చెప్పుకొను కరవు 1876లో మొదలైనది. ధాత మరల 1936లోను, 1996లోను వచ్చినది. నోటి మాటలో నేది యే ధాతయో వినువారికి దెలియును. కొయ్యమీది అక్షరములకు ఆ తెలివి లేదు. సౌమ్య 1849లో వచ్చినది, 1909లో వచ్చినది, 1969లో వచ్చినది. కడపటిదానిని విడువవచ్చును, అంతకు ముందే ఆ యింట బుట్టినవారు నేటికిని సజీవులై యున్నారు. మిగిలినవి రెండు.

మా యింటి మగవారి లెక్క 1849. మా మామగారి తాతగారికి తాతగారైన యొక పండితుడు ఆ యిల్లు కట్టించెనని వారందురు. ఆడువారి లెక్క 1909. ఆ పండితుని కోడలు ముప్పదియైదేండ్లు దాటినంతనే భర్తను గోల్పోయి, కూలిన తాటాకుటింటిలో బిడ్డలతో నిలిచి, తన కాసులపేరును, నానుత్రాడును అమ్మి, ఆ యిల్లు నిలబెట్టినదని వీరందురు. మా మామగారి మేనత్తగారు తొంబదియైదేండ్ల ముసలమ్మ. “మా మామ్మ తన మెడ చూపించి, ‘ఈ మెడలోనిదే ఆ దూలము’ అని నాతో ననునదే తల్లీ” యని ఆమె నాతో బలుమారులు చెప్పినది. ఇపుడు మా బంధువులలో నొకరు వంశవృక్షమును పుస్తకముగా అచ్చు వేయించుచున్నారు. అందులో నిల్లు కట్టించినవారి పేరు వ్రాయవలయును. ఆ వంశవృక్షములో ఆ యిల్లాలికి పేరు కూడ లేదు. “భార్య” యని మాత్రమున్నది.

నాకు బాల్యమున మా తండ్రిగారు ఇంటియొద్దనే కావ్యములును, కొంత జ్యోతిషమును చెప్పిరి. ప్రమాణములలో ప్రత్యక్షము మొదటిదని నేర్చితిని. ఈ తగవులో ప్రత్యక్షముగా నున్నది కొయ్య యొక్కటే. కొయ్య యేమి చెప్పగలదో యిక వినుడు.

టేకు చెట్టు ఎండకాలమున ఆకు రాల్చి నిద్రించును. తొలకరి పడగనే చిగిర్చి, బెరడు క్రింద క్రొత్త కొయ్య నొక పొరగా అల్లుకొనును. ఆ పొర మొదట నీరు ప్రాకు గొట్టములు పెద్దవిగా నుండును; వాన వెనుకబట్టిన కొలది సన్నగిల్లును. మరుసటి యేడు మరల పెద్ద గొట్టముల వరుస వచ్చును. అడ్డముగా కోసి నునుపు చేసి చూచినచో ముగ్గు చుక్కలవలె సన్నని రంధ్రముల వరుసలు వలయములుగా గనబడును. ఒక్కొక్క వలయ మొక్కొక్క యేడు. సాధారణముగా వానలు బాగుగా కురిసిన యేట వలయము వెడల్పు, కరవు నాట ఇరుకు. నడిమిది చెట్టు బాల్యము; బెరడు ననుకొని యున్నది దాని కడపటి యేడు.

వలయములను లెక్కించినంత మాత్రమున ఇంటి వయస్సు దెలియదు. చెట్టెన్నియేండ్లు బ్రదికినదో తెలియును. ఎప్పుడు బ్రదికినదో తెలియుటకు మరియొక యుపాయమున్నది. వెడల్పు, ఇరుకు, ఇరుకు, వెడల్పు అను ఆ వరుస ఒక ప్రాంతపు చెట్లన్నిటిలోను ఇంచుమించుగా నొక్కటే. ఏలయన వాన అందరికిని నొక్కటే. నూరేండ్ల వరుస మరియొక నూరేండ్లలో నట్లే తిరిగి రాదు. సంవత్సరముల పేర్లు తిరిగి వచ్చును గాని, వానలు అదే క్రమమున తిరిగి రావు. ఈ యొక్క మాటలోనే నాకు గావలసిన ధర్మమంతయు నున్నది.

మన కుటుంబ కథలను తలచుకొనుడు. మామ్మ చూచిన గాలివానలను, కరవులను అమ్మ విన్నది. కొన్ని యామెతో గూడ చూచినది. అమ్మ చూచిన వానిలో కడపటివి నేనును చూచితిని. ముగ్గురి బ్రదుకులు ఒండొంటిపై గొంత దూరము పరచుకొని యుండుటచే, నా నుండి వెనుకకు నూటయేబదేండ్లు పోవచ్చును. చెట్లును నట్లే. నేడు బ్రదికియున్న ముసలి చెట్టు వలయములతో మొదలు పెట్టుదురు. దాని బాల్యపు వలయములు, వెనుకటి కట్టడములోని దూలపు కడపటి వలయములతో సరిపోయిన చోట రెండింటిని గలుపుదురు. ఆ దూలమునకు వెనుక మరియొక ముసలి దూలము. అట్లు వందలయేండ్ల పంచాంగ మేర్పడును. తేదీ తెలియని దూలమును దెచ్చి ఆ పంచాంగముపై నెక్కడ కుదురుకొనునో చూచిన చాలును.

ఈ విద్యను నడకకు దెచ్చినవాడు అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున ఆండ్రూ డగ్లస్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఆయన సూర్యునిలోని మచ్చలు హెచ్చుతగ్గులగుట చెట్లలో గనబడునేమోయని వెదకబోయి, పాత ఇండ్ల వయస్సు కనుగొనెను. ఆయన యొద్ద రెండు వరుసలుండెను. ఒకటి బ్రదికియున్న చెట్ల నుండి వెనుకకు పోయినది. రెండవది శిథిల గ్రామముల దూలముల నుండి కూర్చినది, కాని యేయేండ్లదో తెలియక గాలిలో వ్రేలాడుచున్నది. 1929వ సంవత్సరము జూన్ 22వ తేదీన షో లో అను నూర సగము కాలిన దూలపు ముక్క యొకటి దొరికినది. దానికి హెచ్. హెచ్. 39 అని పేరు పెట్టిరి. అది రెండు వరుసలను గలిపినది. అంతవరకు తేదీలేని ఎన్నో గ్రామములకు ఒక్క రాత్రిలో సంవత్సరములు వచ్చినవి. కాలిపోయినదని మనము పారవేయు బొగ్గు కూడ వలయములను నిలుపుకొనునని దీనివలన దెలియుచున్నది.

మన వంటి ఉష్ణదేశములలో నీ పని కష్టము. చలికి నిద్రించు చెట్లు హిమాలయములలో గలవు గాని మన యొద్ద పలు జాతులు ఏడాది పొడుగున ఏదో విధముగా పెరుగుచునే యుండును. వాని వలయములు స్పష్టముగా నుండవు. టేకు మాత్రము మనకు దైవమిచ్చిన మినహాయింపు. జావా ద్వీపపు టేకుతో 1514 మొదలు 1929 వరకు వరుస కూర్చి బెర్లాగే అను డచ్చి శాస్త్రజ్ఞుడు 1931లో ప్రకటించెను. పూణేలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థవారు కేరళ టేకు చెట్లతో 1481 మొదలు 2003 వరకు, అనగా 523 ఏండ్ల వరుస గూర్చిరి. ఎల్ నినో వలన వానలు తప్పిన యేండ్లు అందులో సన్నని వలయములై నిలిచినవి. గోదావరి కావలి గడ్చిరోలి జిల్లా ఆలాపల్లి యడవుల టేకును కూడ వారు చదివిరి. బర్మా టేకునకు మూడు శతాబ్దములకు పైబడిన వరుస గలదు.

ఇక మన యిండ్లకు వత్తము. మన యింటిలోని కొయ్య యంతయు నొక్క విధముగా మాటలాడదు. తాటి దూలము, తాటి వాసము, కొబ్బరి మాను ఎంత గట్టివైనను వానికి వలయములే లేవు. అవి గడ్డి జాతికి దగ్గరివి, పొరపొరగా లావెక్కవు. వందయేండ్లు బరువు మోసినను తాటి దూలము తన వయస్సు చెప్పదు. మన శ్రీకాకుళపు కొండలలో దొరకు గుగ్గిలపు మాను, ఉద్దానపు పనస సైతము ఈ విషయమున మొగమాటస్థులే. టేకొక్కటియే నోరు విప్పును. అది కూడ నొక్కొకపుడు తడబడును. మనకు నైరుతి వానలే గాక ఆశ్వయుజ కార్తికములలో తుఫాను వానలును గలవు. నడుమ ఎండ కాచి మరల వాన పడినచో చెట్టు ఒక్క యేటిలోనే రెండు గీతలు గీయును. ఇట్టి దొంగ వలయములను బట్టుటకే ఒక్క దూలమును గాక పలు దూలములను పోల్చవలయును.

మరి మూడు జాగ్రత్తలు గలవు. మొదటిది: వడ్రంగి దూలమును నలుపలకలుగా చెక్కునపుడు బెరడును, చేవకు బయట నున్న తెల్లని మెత్తని పొరను తీసివేయును. వానితో కడపటి యేండ్లు పోవును. అపుడు దూలము “ఈ యేటి తరువాత నన్ను నరికిరి” అని మాత్రము చెప్పగలదు. ఏ యేటనో చెప్పలేదు. రెండవది: నరికిన యేడే కట్టిన యేడు గాదు. పచ్చి టేకు నీటిలో మునుగును. అందుచే బర్మాలో చెట్టు మొదట చుట్టును వలయముగా నరికి, నిలువుననే రెండు మూడేండ్లు ఎండనిచ్చి, పిమ్మట పడగొట్టి, ఐరావతి నదిలో తెప్పలుగా గట్టి విడిచెడివారు. అడవి నుండి రేవు చేరుటకే యేండ్లు పట్టును. మూడవది: దూలములు కాపురము మారుచుండును. ఒక యిల్లు విప్పి మరియొక యిల్లు కట్టుట మనకు వాడుకయే. జపానులోని హోర్యూజీ దేవాలయపు అయిదంతస్తుల గోపురమునకు నడిమి స్తంభమైన చెట్టును 594లో నరికిరని వలయములు చెప్పినవి. కాని ఆ దేవాలయము 670లో కాలిపోయినదని ఆ దేశపు ప్రాచీన చరిత్ర గ్రంథమున నున్నది. కాలిన పిమ్మట మరల కట్టినదానిలో అంత ముసలి స్తంభమెట్లు వచ్చెనని పండితులు వాదించుచుండిరి. కొయ్య అబద్ధమాడలేదు, గ్రంథమును అబద్ధమాడలేదేమో. చెట్టు చచ్చిన దినమొకటి, ఇల్లు పుట్టిన దినమొకటి.

ఈ జాగ్రత్తలన్నియు మా తగవున కనువర్తించి చూచితిని. మా స్తంభములలో నొక్కదానియందైనను 1849కి తరువాతి వలయ మొక్కటి కనబడినచో, ఆ పండితుని పక్షము వీగిపోవును. ఇంకను పుట్టని కొయ్యతో నెవరును ఇల్లు కట్టజాలరు గదా. అట్లుగాక కడపటి వలయము 1840 ప్రాంతముననే ఆగినచో, పైపొర చెక్కివేసిరేమోయని సంశయము మిగులును; పాత దూలములను తెచ్చిరేమోయను సంశయమును మిగులును. న్యాయశాస్త్రములో నొక పక్షమును ఖండించుట సులభము, మరియొకటి స్థాపించుట కష్టమందురు. ఇదియు నట్టిదే. కళింగపట్నపు రేవునకు వచ్చిన రంగూను కలప యని మేనత్తగారి మాట. మన జిల్లాలవారు వేలకొలది రంగూను మిల్లులలో పాటుపడిన దినములవి గనుక ఆ మాట నమ్మదగినదే. కాని మౌల్మేను టేకు 1826 తరువాత నుండియే సముద్రము దాటి వచ్చుచున్నది గావున, బర్మా కలప యన్నంత మాత్రమున రెండు లెక్కలలో నేదియు తేలదు. వలయముల వరుసయే తేల్చవలయును.

దూలములు అడితివారికి అమ్ముడుపోయినవి. వారు బండి తెచ్చు దినమునకు ముందే నేను మా వారిని వెంటబెట్టుకొని పోయితిని. వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. ఇంటివారికి నచ్చజెప్పు భారము వారిది. “చెక్క ముక్కలు దాచుకొని యేమి చేసికొందువమ్మా?” యని పెద్దబావగారు నవ్విరి గాని కాదనలేదు. వడ్రంగి మంచివాడు. మూడు స్తంభముల మొదళ్ళ నుండి, ఒక దూలపు కొన నుండి నాలుగంగుళముల మందమున బిళ్ళలు కోసి యిచ్చెను. గోడలో దాగిన దూలపు కొన యొకటి చెక్కకుండ గుండ్రముగనే విడిచియున్నది. చేవ దాటి తెల్లపొర, ఆపై వ్రేలి గోరంత బెరడు దానికి నిలిచియున్నవి. నాలుగింటిలో నాకదియే మాణిక్యము.

వరాహమిహిరుని బృహత్సంహితలో వనప్రవేశాధ్యాయమున్నది. విగ్రహము కొరకు చెట్టు నరకబోవువాడు ముందు రాత్రి చెట్టును పూజించి, అందులో వసించు భూతములను మరియొక చోటికి దయచేయుమని వేడుకొనవలయుననియు, నరకునపుడు చెట్టుకు దిక్కులను, క్రిందు మీదులను గురుతు పెట్టవలయుననియు అందు విధించిరి. చెట్టు నిలిచిన తీరుననే విగ్రహము నిలువవలయునని దాని యుద్దేశము. చిన్ననాడు చదివినపుడు ఆచారమనుకొంటిని. ఈనాడది నాకు పనికి వచ్చినది. ప్రతి బిళ్ళమీదను ఏ స్తంభము, ఏ దిక్కు, ఏది పై వైపు, ఏ తేదీన కోసిరో సీసపు కడ్డీతో వ్రాసి, నీడన ఆరబెట్టి, నూలుగుడ్డలో చుట్టి దాచితిని. ఒకదానిని గరుకు కాగితముతో నునుపు చేసి తడిపి చూచితిని. 112 వరకు లెక్కకు వచ్చినవి. ఒకచోట ఏడు వలయములు వెంట్రుకల వలె నిరుకుగా నున్నవి. అవి యే కరవు దినములో, ఏ తల్లి యేమి వండి పెట్టినదో!

ఈ చదువులో నాకు దొరికిన మరియొక పేరును సోదరీమణులకు చెప్పక మానజాలను. ప్రాచీన వృక్షములను చదువుటకై లక్నోలో బీర్బల్ సాహ్నీగారు 1946లో నొక సంస్థను నెలకొల్పిరి. వృక్షవలయములను చదువువారు నేటికిని అందుగలరు. 1949వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన నెహ్రూగారు దాని భవనమునకు శంకుస్థాపన చేసిరి. వారము తిరుగకుండ సాహ్నీగారు స్వర్గస్థులైరి. పునాది రాయి మాత్రమే నిలిచిన ఆ పనిని భార్య సావిత్రీ సాహ్నీగారు చేతబట్టి, భవనము లేపించి, సంస్థను ఏండ్ల తరబడి నడిపించిరి. వారి పేరు మరుగున పడలేదు, కాగితములున్నవి గనుక. కాగితములు లేని చోట భర్తపోయిన యాడుది నిలబెట్టిన గోడలు మామగారి పేరునకో, కొడుకు పేరునకో చేరిపోవుచున్నవి. మా తగవునందు నేను మామ్మగారి పక్షమున నున్నానని దాచను. ఐనను వలయములు పండితుని పక్షమున బలికినచో ఆయన పేరే వ్రాయింతును. సాక్షిని పిలిచినవారు సాక్షి మాటకు గట్టుబడవలయును. ప్రస్తుతము ఆ పుస్తకములో కట్టించినవారి పేరున్న చోట ఖాళీ విడువుడని మాత్రము కోరితిని. పెద్దలంగీకరించిరి. “భార్య” యన్న చోట ఆమె పేరు వ్రాయుటకు కొయ్య సాక్ష్య మక్కరలేదు గనుక, దానిని మేనత్తగారి నోట విని వెంటనే వ్రాయించితిని.

2014లో హుద్ హుద్, 2018లో తిత్లీ మన యుత్తర జిల్లాల పాత యిండ్లను వేనవేలుగా కదల్చినవి. మిగిలినవానిని వాటాదారులు విప్పుచున్నారు. దూలములు అడితికి పోయి, రంపము క్రింద బడి, క్రొత్త సోఫాలై, బల్లలై వచ్చుచున్నవి. నిలుపుకొనుడని చెప్పుట నాకు సులభము, నిలుపుకొనుట అందరికిని సాధ్యము గాదు. కాని యొక్క బిళ్ళ దాచుకొనుట కేమి ఖర్చు? టేకు స్తంభమో దూలమో చూచుకొనుడు. చెక్కని గుండ్రపు అంచున్న చోటు వెదకుడు. అది తరచు గోడలోనో అటకమీదనో దాగియుండును. ఆ యంచు చెడకుండ అడ్డముగా కోయించుడు. ఎక్కడిదో, ఎప్పుడు కోసిరో వ్రాయుడు. దానితో పాటు ఇంటిలోని ముసలమ్మ నొకపూట కూర్చుండబెట్టి, ఎవరు కట్టించిరని యడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాయుడు. కొయ్యకు సంవత్సరము తెలియును గాని పేరు తెలియదు. ముసలమ్మకు పేరు తెలియును గాని సంవత్సరము తెలియదు. రెండును ఒక్క పెట్టెలో నుండవలయును.